మన్ను మీద ఒట్టు

మిల్లులో కూర పండుతదని నా బిడ్డ చెప్పిన నాడు నేను నవ్వలేదు. నవ్వితే బాగుండేది. నవ్వే మనిషిని ఎవరూ పనికి వాడుకోరు.

అది పోయిన ఎండాకాలం. ఉగాది దాటిన నాలుగో రోజు మా బోరు గాలి కక్కింది. మోటరు వేస్తే కొంచెంసేపు ముసలిదాని లెక్క దగ్గి ఊరుకున్నది. ఎల్లారెడ్డికి మూడు కిలోమీటర్ల అవతల మా ఊరు. ఎకరం పది గుంటల చెలక, అందులో పది గుంటలు కూరమడ్లు. నేను, నా భార్య భూమక్క, మా ఒక్క బిడ్డ అనిల, ఇరవై రెండేండ్లు ఆ మడ్ల మీదనే బతికినం. భూమక్క రెండేండ్ల కింద పోయింది. ముందు జ్వరం అన్నరు, తర్వాత కామెర్లు అన్నరు, చివరికి ఏమీ అనలేదు. ఆ సంగతి ఇక్కడ చెప్పను.

మా కూర ఎల్లారెడ్డిలో అమ్మేది కాదు. అక్కడ ఇంటికో మడి ఉంటది, కొనేటోళ్లు ఎవరు? మొదటి బస్సుకు కామారెడ్డి పోయేటోళ్లం. కూరగాయల మార్కెట్లో గేటు పక్కన, నిమ్మకాయల యాకూబు బండికి ఆనుకొని మా జాగ. దానికి కాగితం లేదు, పట్టా లేదు. భూమక్క కూర్చున్నది కాబట్టి అది భూమక్క జాగ.

పట్నపోళ్లకు ఒక భయం ఉంటది. ఆకుకూర మోరి నీళ్లతో పెంచిందేమో అని. కట్ట చేతిలోకి తీసుకున్న ప్రతి ఆడమనిషి అడిగేది, చేనుదేనా అని. భూమక్క వాదించేది కాదు. ఒక కాడ తీసి, వేరుకున్న మన్ను బొటనవేలితో రాసి, నొసట కుంకుమ కింద బొట్టు పెట్టుకునేది. "మన్ను మీద ఒట్టక్కా, చేనుకూర," అనేది. అంతే.

మా ఊర్లో గట్టు పంచాయితీ వస్తే అదే రివాజు. ఎవరి చేను ఎంతదాక అని పెద్దమనుషులు తేల్చలేకపోతే, చేన్ల నిలబడి మన్ను నొసట పెట్టుకొని చెప్పాలె. అబద్ధం చెప్పినోనికి ఆ మన్ను ఇంక పండదు. ఇది నమ్మకం. భూమక్క ఆ రివాజును బజారుకు తెచ్చింది. కట్టలు అయిపోయేసరికి ఆమె నొసలంతా మన్నే. "వదినె, ఇంక రెండు కట్టలు అమ్మితివా, నీ నొసటి మీదనే మెంతులు జల్లొచ్చు," అనేటోడు యాకూబు.

ఆమె పోయినంక ఆ బొట్టు నేను పెట్టుకున్న. మొగోడు బొట్టు పెట్టుకుంటే మొదట నవ్విండ్రు. తర్వాత అలవాటు పడ్డరు.

బోరు ఎండినంక నాకు తిండి భయం లేదు. రేషన్ బియ్యం ఉన్నయి, ఒక్క మనిషికి ఎంత కావాలె. నా భయం జాగ గురించి. నెలరోజులు ఖాళీగ ఉంటే ఎవడో ఒకడు కూర్చుంటడు. ఎల్లిపాయలు అమ్మేటోడు అప్పటికే ఆ గేటు దిక్కు చూస్తుండె. భూమక్క పేరు మనుషుల నోట్లో మిగిలింది ఆ ఒక్క చోటనే. మా ఊర్లో కూడ అంత మిగల్లేదు.

అప్పుడు అనిల చెప్పింది. "బాపు, వానలు పడేదాక మా మిల్లుల పండే కూర అమ్ము. జాగ పోదు."

అనిల వ్యవసాయ డిప్లొమా చదివింది. సంవత్సరం నుంచి కామారెడ్డిలో, శైలేందర్ అనే ఆయన దగ్గర పని. ఆయన నాయిన ఒకప్పుడు బియ్యం మిల్లు నడిపిండు. మిల్లు మూతబడ్డది. కొడుకు హైదరాబాదులో ఏదో నేర్చుకొని వచ్చి, ఆ షెడ్డులోనే ఇనుప అరలు కట్టి కూర పెంచుడు మొదలుపెట్టిండు. నా బిడ్డ దానికి సూపర్‌వైజరు.

చూద్దామని పోయిన. చెప్పులు విప్పించిండ్రు, కాళ్లు కడిగించిండ్రు, నెత్తికి బట్టటోపి తొడిగిండ్రు. బయట బండలు పగిలే ఎండ. లోపల మాఘమాసం లెక్క చల్లగ ఉంది. గోడలకు ఇంకా వడ్ల దుమ్ము వాసన. అరలు నేల నుంచి కప్పుదాక ఆరు వరుసలు. ప్రతి వరుస మీద ఊదారంగు లైటు, ఆ లైటు కింద తోటకూర, కొత్తిమీర, మెంతికూర. సినిమాహాలులో మనుషులు కూర్చున్నట్టు కూర కూర్చున్నది. చిన్న చిన్న గిన్నెలలో కొబ్బరిపొట్టు, కింద పైపులో నీళ్లు. పోయిన నీళ్లే మళ్లీ తిరిగి వస్తయి.

శైలేందర్ మంచిగ మాట్లాడే మనిషి. రేపటి పట్నాలకు చేన్లు సరిపోవన్నడు. మనుషులు ఒకరి మీద ఒకరు అంతస్తులలో ఉంటున్నరు, తిండి కూడ అట్లనే ఒకదాని మీద ఒకటి పండాల్సిందే అన్నడు. కరువు వచ్చినా ఆగదన్నడు, ఎకరం కూర ఒక్క గదిలో తీస్తమన్నడు. అన్నీ విన్న. ఒక్కటే అడిగిన, మన్ను ఏది అని.

ఆయన నవ్విండు. "మన్ను లేకపోవుడే దీని గొప్పతనం అన్నా."

ఆ మాట నేను మర్చిపోలేదు. ఆయన మర్చిపోయిండు.

అనిల ఒక తోటకూర కాడ గుంజి నాకు చూపింది. వేర్లు పొడుగ్గ, తెల్లగ, ముసలవ్వ వెంట్రుకల లెక్క వేలాడుతున్నయి. ఒక్క చుక్క మందు కొట్టలేదన్నది. మనం కొట్టినం, యాదికున్నదా అన్నది. కొట్టినం. పేను పట్టిన ఏడు మేము కూడ కొట్టినం. నేను ఆకు నోట్లో వేసుకొని నమిలిన. మెత్తగ ఉంది, సప్పగ ఉంది, చెడ్డగ మాత్రం లేదు. కూర గురించి నేను అబద్ధం చెప్పను.

అమ్ముత గని, ఏ కూర అమ్ముతున్ననో ఆ పేరే చెప్త అన్న. సరే బాపు అన్నది.

చేన్ల పని లేదు కాబట్టి అనిల కిరాయి గదిలోనే ఉన్న, మిల్లుకు రెండు గల్లీల ఇవతల. పొద్దున్నే కూర పెట్టెలు ఆటోలో వచ్చేవి. జాగలో తాటిపత్రి పరిచి కూర్చునేటోన్ని. చేనుదేనా అని అడిగితే, కాదమ్మా, మిల్లుది అనేటోన్ని. రెండు రోజులలో పేరు పడ్డది, మిల్లుకూర అని. ఆడోళ్లు కట్ట ఎత్తేటోళ్లు, తెల్లవేర్లు చూసేటోళ్లు, దింపేటోళ్లు. కరెంటుకు పెరిగిన కూర తింటే షాకు కొడ్తదా అని ఒకామె. కోడిపిల్లలను బల్బు కింద పొదిగిస్తరు గద, ఇది గూడ గదేనా అని ఇంకొకామె.

గంగాబాయి సంగతి వేరు. మద్నూర్ దిక్కు మనిషి, అన్నను దాదా అంటది, బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు, కూర అమ్ముతది. భూమక్క ఉన్న నాటి నుంచి రోజుకు పదిహేను కట్టలు మా దగ్గరే. బేరం చెయ్యకుండ ఒక్క కట్ట తీసుకోదు, కొసరు లేకుండ కదలదు. ఆమె మిల్లుకూర కట్టను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"దాదా, ఇది కూర గాదు. కూర ఫోటో," అన్నది. పక్క వరుసకు పోయింది.

వారం రోజులు అమ్మిన దానికంటే మేకలకు వేసింది ఎక్కువ. ఇది నడవదు, ఎల్లిపాయలోనికి జాగ ఇచ్చేస్త అని అనిలకు చెప్పిన. ఆమె లేచి గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

రెండు రోజుల తర్వాత పొద్దున ఆటోలో వచ్చిన కూర వేరుగ ఉంది. వేర్లకు మన్ను. అనిల కూడ ఆటోలో వచ్చింది. కంపెనీ ఈ పక్కనే, రాజంపేట దగ్గర చేను కౌలుకు పట్టింది, బోరు మంచిగ పోస్తుంది, ఇది ఆ చేనుకూర అన్నది.

నేను కాడ ఎత్తి చూసిన. మన్నుంది గని వేరు పొడుగ్గ ఉంది. ఇంత పొడుగు ఏందని అడిగిన.

"కొత్త చేను బాపు. మన్నుల కొబ్బరిపొట్టు కలిపినం. గుల్లగ ఉంటది, వేరు దిగుతది."

కండ్లు పక్కకు తిప్పకుండనే చెప్పింది. ఇరవై రెండేండ్లు కూర పెంచినోన్ని. తోటకూర వేరు రాయిని తాకి వంగుతది, వేలు లెక్క లావుగ ఉంటది, మొదలు దగ్గర ఎర్రగ ఉంటది. నాకు తెలుసు. చెప్పింది ఇంకొకరైతే ఇంకో మాట అడిగేటోన్ని. చెప్పింది నా బిడ్డ. అడగలేదు.

మన్ను మాత్రం మంచి మన్ను. నల్లగ, సన్నగ, వేళ్ల నడుమ వెన్న లెక్క ఉంది. బూడిద వాసన వచ్చింది. రాజంపేటలో ఇంత మంచి మన్ను ఉన్నదా అనుకున్న. బొటనవేలితో రాసి నొసట పెట్టుకున్న.

"మాది గాదమ్మా, రాజంపేటది. గని మన్నుల పుట్టింది. మన్ను మీద ఒట్టు."

కట్టలు కదిలినయి. తొమ్మిదింటికల్లా పెట్టెలు ఖాళీ. మూడో రోజు గంగాబాయి మళ్లీ వచ్చింది. కట్ట తీసుకొని వేరు చూసింది. తర్వాత నా నొసలు చూసింది. నా నొసలే ఎక్కువసేపు చూసింది.

"ఒట్టేనా దాదా?"

"ఒట్టే."

పదిహేను కట్టలు సంచిలో వేసుకున్నది. బేరం చెయ్యలేదు. కొసరు అడగలేదు. ఒట్టు అంటే ఇంత విలువ ఉంది లోకంలో అని నేను సంతోషపడ్డ. భూమక్క ఉంటే చూసేది అనుకున్న.

ఆరు వారాలు అట్ల నడిచింది. ఎండ ముదిరింది. మార్కెట్ల వేరే ఆకుకూర రావుడు తగ్గింది, నా పెట్టెలు పెరిగినయి. భూమక్క జాగ కాడ దొరుకుతదట అని మనుషులు ఒకరికొకరు చెప్పుకుంటుంటే చెవులార విన్న. యాకూబు మళ్లీ మొదలుపెట్టిండు. "అన్నా, నీ నొసటికి గూడ పాస్‌బుక్కు ఇస్తరేమో అడుగు, గుంటెడు ఉంటది." శైలేందర్ ఒకనాడు వచ్చి నా నొసటికి ఫోటో తీసుకున్నడు. తీసుకోనిచ్చిన. ఇంటికి వస్తే అనిల అన్నం పెట్టి ఎదురుగ కూర్చునేది. ఎవరెవరు వచ్చిండ్రు, ఏమేమన్నరు అని అడిగి అడిగి చెప్పించుకునేది. వాళ్లవ్వ, నా భూమక్క, పోయినంక మేమిద్దరం అన్ని మాటలు ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆ ఆరు వారాలు నేను సుఖంగ ఉన్న. అది కూడ చెప్పాలె.

మిరుగు కార్తెకు రెండు రోజుల ముందు పెద్ద వాన పడ్డది. ఆగినంక నేను ఎల్లారెడ్డి బస్సు ఎక్కిన. చేను చూసి, మడ్లు సదును చేసి, విత్తనం పోసి వద్దామని. ఇంటికి పోకుండ నేరుగ చేనుకే పోయిన.

బోరు పక్కన మొదటి మడి భూమక్కది. అన్నీ ఆమె చేసినవే గని, దాన్ని మాత్రం భూమక్క మడి అనేటోళ్లం. పెండ్లై వచ్చిన ఏడాది మొదలుపెట్టింది. పొయ్యిల బూడిద, మేకల పెంటికలు, చింతాకు రాలు, అన్నీ దాంట్లోనే. చుట్టూ ఎర్రచెలక, నడుమ ఆ ఒక్క మడి నల్లగ కుంకుడుగింజ లెక్క మెరిసేది.

అక్కడ గుంత ఉంది.

మోకాలి లోతు. అంచులు కత్తితో కోసినట్టు ఉన్నయి, పార గుర్తులు కనబడుతున్నయి. గట్టు దాటి ట్రాక్టరు టైర్ల అచ్చు. గుంతలో వాన నీళ్లు నిలిచి, నీళ్లల్లో కప్ప. మిగతా మడ్లను ముట్టలేదు.

మొరం దొంగలు అనుకున్న. మా దిక్కు వాళ్లు ఎక్కువ. కానీ మొరం దొంగలు మీది మన్ను పక్కకు నెట్టి కింది మొరం తీసుకపోతరు. వీళ్లు మీది మన్ను తీసుకపోయి మొరం నాకు వదిలిండ్రు. కూరమడి మన్ను ఎత్తుకపోయే దొంగను నేను ఎన్నడూ వినలేదు. గట్టు మీద కూర్చున్న. లేచి మళ్లీ రోడ్డు మీదికి వచ్చి కామారెడ్డి బస్సు ఎక్కిన.

ఎందుకంటే ఫిర్యాదు రాయాలె. నాది ఊరిబడి చదువు, అయిదో తరగతి. నా అక్షరాలు చీమలు పాకినట్టు ఉంటయి. అనిల మంచిగ రాస్తది. బస్సులో కూర్చొని ఫిర్యాదు మనసులోనే కట్టుకున్న. అయ్యా, నా చేనులో నా భార్య చేసిన మడి మన్నును గుర్తు తెలియని వ్యక్తులు తవ్వుకొని పోయినారు. గుర్తు తెలియని వ్యక్తులు అనే మాట పేపర్లో చదివింది. దాన్ని ఎక్కడ పెట్టాల్నో రెండుసార్లు మార్చిన.

మిల్లు ముందు తలుపు వేసి ఉంది. అనిలమ్మ వెనుక ఉందని వాచ్‌మన్ చెప్పిండు. మిల్లు వెనుక దిక్కు నేను ఎన్నడూ పోలేదు, ఎవరూ తీసుకపోలేదు. రేకుల కప్పు కింద ముగ్గురు ఆడోళ్లు కూర్చొని ఉన్నరు. వాళ్ల నడుమ పెద్ద గోలెం. ఒకామె కృపాజ్యోతి. మా పక్క ఊరి పిల్ల, అనిలనే ఆమెకు అక్కడ పని ఇప్పించింది. మామా అని పిలుస్తది.

ఆమె ఒక కట్టను ఆకుల కాడ పట్టుకొని, తెల్లవేర్లను గోలెంలో ముంచి తీసింది. కారనిచ్చి పెట్టెలో పెట్టింది. గోలెంలో నల్లటి బురద.

నన్ను చూసి నవ్వింది.

"రా మామా, కూసో. మీ మడి మన్ను బంగారం మామా. ఒక్క ముంచుడుకే అంటుకుంటది. మొదలు చెరువు మన్ను తెచ్చిండ్రు, అది ఆటో ఎక్కేసరికే జారిపాయె."

నాకు తెలియదన్న సంగతి ఆమెకు తెలియదు. కూర్చున్న. ఆమె తన కొడుకు బడి గురించి ఏదో చెప్తున్నది, చేతులు పని చేస్తున్నయి. పదకొండు కట్టలు ముంచేదాక చూసిన.

అనిల లోపలి నుంచి వచ్చింది, నెత్తి మీద టోపి. నన్ను చూసి ఆగింది. గోలెం దిక్కు చూసింది. ఆడోళ్లను చాయ్ తాగి రమ్మని పంపింది. 

ఎవరు తవ్విండ్రు అని అడిగిన. నేనే తవ్విపిచ్చిన అన్నది. రాజంపేట చేను ఏదని అడిగిన. లేదన్నది. అడిగినదానికి అడిగినట్టు చెప్పింది. ఆరు వారాలు చెప్పనిది ఒక్క నిమిషంలో చెప్పింది. తర్వాత మాటలు గడగడ వచ్చినయి. మిల్లుకూర అంటే ఎవరూ కొనలేదన్నది. హైదరాబాదు హోటళ్లు కూడ మానుకున్నయన్నది. శైలేందర్ మూసేద్దమన్నడట, పన్నెండు మంది ఆడోళ్ల పని పోతుండెనట, అవ్వ జాగ పోతుండెనట. కూరల విషం కలిపిన్నా, మన కూర కంటే ఇదే సాఫ్ గద అన్నది.

"నాతోని ఒట్టు పెట్టిపిచ్చినవు," అన్న.

అప్పుడు ఆమె దగ్గరికి వచ్చి నా ముందు కింద కూర్చున్నది. చిన్నప్పుడు దెబ్బ తగిలితే కూర్చున్నట్టు.

"గందుకే బాపు. నువ్వు ఒట్టు పెడ్తవని నాకెరికే. పరాయి మన్ను మీద నీతోని అబద్ధపు ఒట్టు పెట్టిస్తనా? చెరువు మన్ను జారిందని కాదు, నేనే వద్దన్న. అవ్వ మడిలకెల్లే తెప్పిచ్చిన. నువ్వు నొసట పెట్టుకున్నది మన మన్నే. నీ ఒట్టు తప్పు పోలే."

ఆమె కండ్లల్లో నీళ్లున్నయి. నాటకం కాదు. అబద్ధం చెప్పేటోనికి అబద్ధమని తెలుసు, ఎన్నడో ఒకనాడు సిగ్గుపడ్తడు. నా బిడ్డ అట్ల కాదు. అబద్ధం ఒట్టును తాకకుండ నడిచిపోయే సన్నటి గట్టు ఒకటి వెతికి, దాని మీద నన్ను నడిపించింది. దానికోసం వాళ్లవ్వ మడిని మోకాలి లోతు తవ్వింది. తవ్వి, నాకు మేలు చేసిన అనుకున్నది.

"నేను రాజంపేట అన్న. మన్నుల పుట్టింది అన్న," అని చెప్పిన.

ఆమె తల దించుకున్నది. "నువ్వు గూడ ఒక్కసారే అడిగినవు బాపు," అన్నది.

నిజమే. అందుకే ఆ మాటను ఇంకా ఎక్కువ క్షమించలేదు.

తెల్లారి ఎప్పటిలెక్కనే ఆటో వచ్చింది. పెట్టెలు దింపుకొని జాగలో కూర్చున్న. యాకూబు దగ్గర బకెట్ అడిగి నీళ్లు పట్టుకొచ్చిన. ఒక్కొక్క కట్ట ముంచి కడిగిన. ఒక్క ముంచుడుకే మన్ను పోయింది. తెల్లవేర్లు అందరికీ కనబడేటట్టు బయటికి తిప్పి వరుసగ పెట్టిన. అడిగినోళ్లకు చెప్పిన. ఇది మిల్లుకూర, ఆరు వారాల నుంచి నేను అమ్మింది మిల్లుకూరే, మన్ను పూసి అమ్మిన.

ఒకామె తిట్టింది, నీ నోట్లో మన్ను పడ అని. అది న్యాయమే. ఒక సారు, తిన్నం గద, ఏమన్న అయిందా, పోనీ తియ్యి అన్నడు. ఒక ముసలామెకు నవ్వు ఆగలేదు. యాకూబు మాత్రం ఆ రోజు ఒక్క జోకు వెయ్యలేదు. నిమ్మకాయలు తుడిచిందే తుడిచిండు.

గంగాబాయి తన వేళకు వచ్చింది. బకెట్ చూసింది, వేర్లు చూసింది. నేను మొదలుపెట్టేలోపే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకెరికే దాదా. మొదటి రోజే ఎరికే. పొయ్యి మీద ఎయ్యంగనే తెలిసింది. చేనుకూర కాడ ఉడకాలంటే ఆలస్యమైతది, నీళ్లు ఎర్రగైతయి. ఇది రెండు తిప్పులకే కరిగింది."

"మరి రోజూ ఎందుకు కొన్నవు?"

ఆమె సంచి భుజం మార్చుకున్నది. గొంతు తగ్గించి చెప్పింది, పక్కోళ్లు వినకుండ, నా మర్యాద కాపాడినట్టు.

"భూమక్క మొగనివి. బోరు ఎండి, దిక్కులేక, ఒట్టేసి అబద్ధమాడుతుండు పాపం అనుకున్న. గందుకే బేరం గూడ చెయ్యలే."

ఓదార్చిన అనుకొని, ఆ రోజు కూడ కట్టలు తీసుకున్నది.

నేను తెలిసి ఎవరినీ మోసం చెయ్యలేదని ఆమెకు చెప్పలేదు. చెప్తే ఇంకో ఒట్టు పెట్టాలె. ఏ మన్ను మీద పెట్టాలె? పెట్టెలు ఖాళీ అయినంక తాటిపత్రి మడిచి, ఎల్లిపాయలోన్ని పిలిచి జాగ చూపించిన. వాడు ఎందుకని అడగలేదు. వెంటనే కూర్చున్నడు.

ఇప్పుడు మిల్లుకూర మిల్లుకూర పేరు మీదనే అమ్ముడుపోతదట. మార్కెట్ల అనిల బోర్డు పెట్టిందట, పెద్దక్షరాలతో. పట్నపోళ్లు అడిగి కొంటున్నరట, చేనుకూర దొరకని రోజుల్ల గంగాబాయి కూడ కొంటదట. ఒట్టు ఎవరూ అడుగుతలేరట. ఇది యాకూబు ఫోన్ల చెప్పిండు. అంటే ఆ ఆరు వారాల అబద్ధం అక్కరనే లేకుండె. ఓపిక పట్టి నిజం పేరుతోనే కూర్చుంటే, జనమే అలవాటుపడేటోళ్లు. నా నొసటి బొట్టుకు పడ్డట్టే. అది తర్వాత తెలిసిన సంగతి. ముందు ట్రాక్టరు సంగతి చెప్పాలె.

జాగ వదిలిన అయిదో రోజు. నేను ఊర్లోనే ఉన్న. వాన పదును ఆరిపోకముందే మిగిలిన మడ్లు తవ్వుతున్న. రోడ్డు దిక్కు నుంచి ట్రాక్టరు వచ్చింది. ట్రాలీ నిండ నల్లమన్ను. డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద అనిల కూర్చొని ఉంది. గుంత కాడ ఆపించి దిగింది. ముఖం గుంజుకపోయింది. నేను పార ఆపలేదు.

"బాపు, చెరువు మన్ను తెచ్చిన. గుంత పూడుద్దాం. పెంట కలుపుత, బూడిద కలుపుత. ప్రతి ఆదివారం వస్త. రెండుమూడేండ్లల్ల మళ్ల గట్లనే అయితది."

రెండుమూడేండ్లు. వాళ్లవ్వకు ఇరవై ఏండ్లు పట్టింది. ఆ లెక్క నేను ఆమెకు చెప్పలేదు. తవ్విన వరుస అయిపోయింది, ఇంకో వరుసకు జరిగిన. ఆమె కొంగు నడుముకు చెక్కుకొని గుంత అంచున నిలబడ్డది. ఇంకా ఏదో అన్నది. శైలేందర్‌తో కొట్లాడిన, గోలెం పగలగొట్టిపిచ్చిన అన్నది. ఆఖరుకు, "ఒక్క మాటన్న అను బాపు, తిట్టు," అన్నది.

ట్రాక్టరు ఇంజను ఆగలేదు. డ్రైవరు కొత్తోడు, మా సంగతులు తెల్వయి. ట్రాలీ ఎత్తాల్నా, ఎక్కడ పొయ్యాలె అని అడిగిండు. ఆమెను చూసిండు. ఆమె నన్ను చూసింది, చేను నాది కాబట్టి. ఇద్దరూ నా నోటి దిక్కే చూస్తున్నరు.

నేను నడుము ఎత్తి నిలబడ్డ. పార భుజానికి ఆనించుకొని డ్రైవరుతో అన్న.

"వాపసు తీస్కపో బిడ్డా. మలిపేటప్పుడు గట్టు తొక్కకు. వానకు మెత్తబడ్డది."